పీత తల్లి పొయ్యి విడిచి ఎందుకు పోతుంది

ఒకప్పుడు పీత తల్లులు చలిలోకి వెళ్ళేవారు కాదు. కడుపుతో ఉన్నా, గుడ్లు మోస్తున్నా, పొయ్యి పక్కనే కూర్చునేవారు.

పొయ్యి అంటే మన వంటింట్లో పొయ్యి కాదు. అది సముద్రం అడుగున ఉన్న పొయ్యి. వంద తాటిచెట్లను ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టి సముద్రంలో ముంచితే, అన్నిటికన్నా కింది చెట్టు మొదలు ఎక్కడ ఆనుతుందో, అక్కడుంది అది. ఎండ అంత లోతుకు దిగలేదు. పది చెట్లు దిగేసరికే అలిసిపోతుంది. ఇక కిందంతా చీకటే. కళ్ళు తెరిచినా అదే చీకటి, మూసుకున్నా అదే చీకటి.

ఆ చీకట్లో ఒకచోట నేల పగిలింది. లోపలి సెగకు నీళ్ళు కుతకుత ఉడికి, నల్లటి పొగలా పైకి ఎగజిమ్మాయి. ఆ పొగ చుట్టూ రాయి పేరుకుని, పొడుగాటి గొట్టంలా లేచింది. మూతి దగ్గర ఉందా లేదా అన్నంత సన్నటి ఎర్ర వెలుగు. పీతలు దాన్ని పొయ్యవ్వ అని పిలుచుకునేవారు.

పొయ్యవ్వ చుట్టూ తెల్లటి పీతలు కిటకిటలాడేవారు. ఒకరి వీపు మీద ఒకరు, ఒకరి పటకార్లలాంటి డెక్కల కింద ఇంకొకరు. తిరునాళ్ళలో కూడా అంత రద్దీ ఉండదు.

"కాస్త జరుగవే."

"ఎటు జరగను? నీ కాలు నా మూతిలో ఉంది!"

ఎప్పుడు చూసినా ఇదే గోల.

ఆ పీతలకు రొమ్ము నిండా మెత్తటి నూగు ఉండేది. వేడినీళ్ళు తగిలినకొద్దీ ఆ నూగు మీద సన్నటి తెల్లటి పంట పండేది. ఆకలేస్తే నూగు దువ్వుకుని ఆ పంట తినేవారు. ఎవరి పొలం వాళ్ళ రొమ్ము మీదే! దున్నక్కర్లేదు, నాటక్కర్లేదు. పొయ్యవ్వను విడిచి దూరం పోకుండా ఉంటే చాలు. దూరం పోతే పంట వాడిపోతుంది.

అందుకే ఎవరూ పోయేవారు కాదు. వెలుగు ఆగిపోయే చోట నేల మీద గీత గీసినట్టు ఉండేది. ఆ గీతకు అవతల చలి ఉండేది. చలిని ఎవరూ చూడలేదు. కాని గుంపు చివర కూర్చున్న వాళ్ళకు అప్పుడప్పుడు వెనకనుంచి ఎవరో వీపు మీద ఊపిరి వదిలినట్టు అయ్యేది. ఉలిక్కిపడి లోపలికి దూరేవారు.

ఆ ఊళ్ళో అందరికన్నా చిన్నది నూగమ్మ. చిన్నదంటే పసిపిల్ల కాదు. పెళ్ళయింది, మొగుడు బండయ్య కూడా ఉన్నాడు. కాని నూగమ్మ తరవాత ఆ ఊళ్ళో ఇంకెవరూ పుట్టలేదు. ఎందుకు పుట్టలేదని ఎవరూ అడగలేదు.

గుడ్లు లేక కాదు. తల్లులందరి కడుపు మడత కిందా గుత్తులు గుత్తులుగా గుడ్లు ఉండేవి. పెట్టిన కొత్తలో, లోపల ఉన్న పిల్లలు పెంకును తట్టేవారు. టిక్. టిక్. టిక్. కొన్నాళ్ళకు ఆ చప్పుడు పలచబడేది. తరవాత ఆగిపోయేది. అప్పుడు మంత్రసాని గుల్లవ్వ వచ్చి, గుడ్ల దగ్గర తల ఆనించి వినేది.

"పడుకున్నాయి" అనేది.

అంతే, ఇంకో మాట అనేది కాదు. పడుకున్న బిడ్డను లేపకూడదని ఆ ఊరి కట్టుబాటు. అందుకని తల్లులు గుడ్లను కదపకుండా కూర్చుని జోల పాడేవారు.

తట్టకు తట్టకు చిన్నోడా
గుట్టుగ లోపల పడుకోరా

ఏళ్ళ తరబడి అదే జోల. ఆ చీకట్లో అన్ని గొంతులూ కలిసి ఒక్క గొంతులా వినిపించేవి. పొయ్యవ్వ కూడా బుసబుసమని వంత పాడేది.

పొయ్యవ్వ సెగ ఏడాదికేడాది పెరుగుతూ వచ్చింది. కాని రోజూ చూసే ముఖం ముసలిదైపోతోందని మనకు తెలుస్తుందా? రోజూ కాచుకునే సెగ పెరిగిందని వాళ్ళకూ అలాగే తెలియలేదు.

నూగమ్మకు ఒక అక్క ఉంది. పేరు డెక్కమ్మ. ఆమె గుడ్లు పడుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. ఒకసారి గుంపులో తోపులాట జరిగినప్పుడు డెక్కమ్మ గుత్తిలోంచి ఒక గుడ్డు ఊడి, నూగమ్మ ముందు పడింది. అయ్యో, బిడ్డకు దెబ్బ తగిలిందేమోనని నూగమ్మ మెల్లగా ఎత్తింది.

గుడ్డు గోళీలా గట్టిగా ఉంది. గిన్నెలో ఉడికించి తీసినట్టు ఉంది.

నూగమ్మ అటూ ఇటూ చూసి, డెక్క కొసతో ఒక్కసారి తట్టింది. లోపలినుంచి ఎవరూ పలకలేదు. గుడ్డును గుట్టుగా అక్క గుత్తిలోనే పెట్టేసింది.

"అక్కా, నీవి ఎప్పుడు లేస్తాయే?"

"ష్! మెల్లగా మాట్లాడు." డెక్కమ్మ గుడ్లను ఊపుతూ నవ్వింది. "లేస్తాయిలే. అన్నీ మీ బావ పోలికే. మొద్దు నిద్ర!"

నూగమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

కొన్నాళ్ళకు నూగమ్మే గుడ్లు పెట్టింది. కడుపు మడత కింద టిక్ టిక్ టిక్ అని తట్టుతుంటే ఆమెకు తిండి ధ్యాసే లేదు. ఒక్కో చప్పుడునూ విడిగా గుర్తుపట్టేది. "ఇది తొందర మనిషి. ఇది నిదానం. ఇది తట్టి ఆగి, మళ్ళీ తట్టేది, దీనికి అనుమానం ఎక్కువ" అని తనలో తాను చెప్పుకుని మురిసిపోయేది.

పొయ్యవ్వ పొగలోంచి మాట్లాడింది. ఆమె గొంతు బెల్లం పాకంలా ఉంటుంది.

"దగ్గరికి రా తల్లీ. ఇంకా దగ్గరికి. నీ పిల్లల్ని వెచ్చగా పడుకోబెడతాను."

నూగమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. తొందర మనిషి తట్టడం మానేసింది.

ఆమె ఠక్కున ఆగిపోయింది. ఎంతసేపు విన్నా ఆ ఒక్క చప్పుడు మళ్ళీ రాలేదు.

ఆ తరవాత అమ్మలక్కలందరూ చేరి నూగమ్మకు పేరంటం చేశారు. గుల్లవ్వ వచ్చి, నూగమ్మ నెత్తి మీద డెక్క పెట్టి, ఎప్పుడూ అనే మాటే అంది.

"నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ."

అందరూ "చల్లగా, చల్లగా" అన్నారు.

నూగమ్మ తల ఎత్తింది. "అవ్వా, చల్లగా అంటే ఏమిటి?"

పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు. గుల్లవ్వ డెక్క వెనక్కి తీసుకుంది. "అంటే... బాగుండాలని."

"బాగుండాలంటే బాగుండాలి అనొచ్చుగా. చల్లగా అని ఎందుకన్నారు?"

"మా అవ్వ అనేది. మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పింది. పెద్దల మాటను ఇలా గిల్లి చూడకూడదు."

నూగమ్మ తన డెక్కను మెల్లగా కడుపు మడత కిందికి పోనిచ్చింది. ఒక్క క్షణం ఉంచి తీసేసింది.

"కాలుతోంది అవ్వా" అంది.

నవ్వులు ఆగిపోయాయి. ఆ ఊళ్ళో ఎన్ని తరాలనుంచో ఆ దీవెన ఇస్తున్నారు. దీవెన నిజమైందో లేదో చెయ్యి పెట్టి చూసినవాళ్ళు ఒక్కరు లేరు.

"మీ అవ్వ ఉన్నప్పుడు పొయ్యవ్వ సెగ ఇంత ఉండేదా?" అని అడిగింది నూగమ్మ.

గుల్లవ్వ తన కాలితో ఒక రాయిని చూపించింది. పొయ్యవ్వ మూతి దగ్గర ఉంది ఆ రాయి.

"నా చిన్నప్పుడు మా అవ్వ ఆ రాయి మీద కూర్చునేది" అంది. "ఇప్పుడు దాన్ని తాకితే కాలు ఊడి చేతికొస్తుంది."

"అయితే నేను చల్లని చోటు వెతుక్కుంటాను."

ఆ మాటకు బండయ్య గుంపు మధ్యలోంచి తోసుకుంటూ వచ్చాడు. మగవాళ్ళలో అందరికన్నా పెద్ద ఒళ్ళున్నవాడు, అందరికన్నా వెచ్చటి చోట కూర్చునేవాడు.

"చల్లని చోటంటే గీత అవతలేనే! అక్కడ పంట పండదు. ఏం తింటావు, నా తలకాయా?"

"దాంట్లో తినడానికి ఏముందిలే" అంది నూగమ్మ.

ఇంకోసారైతే అందరూ పగలబడి నవ్వేవారు. ఆ పూట ఎవరూ నవ్వలేదు. బండయ్య డెక్కలు వేలాడేసుకుని నిలబడిపోయాడు.

డెక్కమ్మ వచ్చి చెల్లెలి కాలు పట్టుకుంది. "పిచ్చిదానా, ఏం కాలేదే. నీవి పడుకోబోతున్నాయి, అంతే. అందరివీ పడుకుంటాయి."

"అవును అక్కా. అందరివీ పడుకున్నాయి. ఎవరివి లేచాయి?"

డెక్కమ్మ పట్టు సడలింది.

నూగమ్మ నడిచింది. ఎప్పుడూ అంగుళం జాగా ఇవ్వని గుంపు రెండుగా చీలి దారి ఇచ్చింది. వీపులు, డెక్కలు, నూగు, గుడ్లు, అన్నీ దాటి గీత దగ్గరికి వచ్చింది. వెనక జోల ఆగిపోయింది. నూగమ్మకు పుట్టిన దగ్గరనుంచి చెవుల్లో ఉన్న పాట అది. అది ఆగిపోయేసరికి సముద్రం మొత్తం తలమీద కూర్చున్నట్టు అనిపించింది.

ఆమె గీత దాటింది.

"నూగమ్మా..." వెనకనుంచి పొయ్యవ్వ పిలిచింది. "నీ రొమ్ము మీద పంట పండింది, చూసుకున్నావా? రా తల్లీ. ఎవరూ లేని చోట ఎవరు పలకరిస్తారు నిన్ను?"

నూగమ్మ వెనక్కి చూడలేదు. కాలి కింద నేల మెత్తగా, చప్పుడు లేకుండా దిగబడుతోంది. పైనుంచి తెల్లటి నలుసులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. ఎక్కడో పైన బతికి చచ్చిన వాటి పొడి అది. ఆ పొడి ఆమె వీపు మీద వాలి అలాగే ఉండిపోతోంది.

అప్పుడు ఎవరో వీపు మీద ఊపిరి వదిలారు.

"ఎవరది?" అంది చలి. దాని గొంతులో తియ్యదనం లేదు. రాయి మీద రాయి గీసినట్టుంది.

"నేను. నూగమ్మను."

"దారి తప్పావా?"

"లేదు. వెతుక్కుంటూ వచ్చాను. గుడ్లున్నాయి."

చలి కాసేపు ఆమె చుట్టూ తిరిగింది. "ముందే చెబుతున్నా. నా దగ్గర తిండి లేదు, వెలుగు లేదు, తోడు లేదు. నాకు జోల పాడటం రాదు. తరవాత నన్ను అనుకోవద్దు."

"మరి నీ దగ్గర ఏముంది?"

"ఇది" అంటూ చలి ఆమె కడుపు మడత కిందికి దూరింది.

ఒక్కసారిగా గుడ్లన్నీ తట్టడం మానేశాయి.

అన్నీ పోయాయి, నేనే చేతులారా చంపుకున్నాను అనుకుంది నూగమ్మ. కడుపు మడత తెరిచింది, మూసింది. నీళ్ళు లోపలికి తీసింది, వదిలింది. మళ్ళీ తెరిచింది. చీకట్లో ఏ చప్పుడూ లేదు.

టిక్.

నిదానం మనిషి!

కాసేపటికి ఇంకొకటి. తట్టి, ఆగి, మళ్ళీ తట్టింది అనుమానం మనిషి. ఆ తరవాత అన్నీ మొదలుపెట్టాయి. మునుపటంత తొందర లేదు. కాని ఒక్కో చప్పుడూ గట్టిగా ఉంది.

నూగమ్మ అక్కడే నిలబడిపోయింది. అది మొదలు, కడుపు మడత తెరవడం, మూయడం. తెరవడం, మూయడం. అదే ఆమె పని.

రొమ్ము మీది పంట ముందు వాడింది. తరవాత నల్లబడింది. తరవాత నూగే పుటుక్కు పుటుక్కున తెగి రాలిపోయింది. పైనుంచి రాలిన నలుసులను ఏరి నోట్లో వేసుకుంది. వాటికి రుచీ లేదు, బలమూ లేదు. ఎన్నాళ్ళయిందని చలిని అడిగితే, "నాకు నాళ్ళు తెలియవు" అంది.

ఒకసారి ఆకలి భరించలేకపోయింది. దూరంగా పొయ్యవ్వ వెలుగు నిప్పురవ్వలా కనిపిస్తోంది. ఒక్క పూట తిని వచ్చేస్తాను, ఒక్క పూటే కదా అనుకుని అటు నడిచింది. సగం దారి నడిచింది. ఒంటికి వెచ్చదనం తగిలింది. ఎంత హాయిగా ఉందో! కళ్ళు మూతలు పడ్డాయి.

"వచ్చేశావా తల్లీ" అంది పొయ్యవ్వ.

కడుపు కింద చప్పుడు పలచబడింది.

నూగమ్మ ఉన్నపళంగా వెనక్కి తిరిగింది. నడిచే ఓపిక లేక డెక్కలతో నేలను లాక్కుంటూ చలి దగ్గరికి వెళ్ళింది. చలి జరిగి చోటిచ్చింది.

చివరికి ఒకనాడు తాటాకు కప్పు మీద వాన చినుకులు మొదలైనట్టు చిటచిట, చిటచిటమని పెంకులు పగిలాయి. గాజులాంటి చిన్ని చిన్ని పిల్లలు కడుపు మడత కిందినుంచి బిలబిలమని బయటికి వచ్చారు. ఒక్కో పిల్ల పొట్టలో పసుపురంగు ముద్ద మెరుస్తోంది.

"అమ్మా, ఆకలి!" అన్నారు అందరూ ఒక్కసారే.

"మీ పొట్టలోనే చద్దిమూట కట్టి పంపానురా. దారిపొడుగునా అదే తినండి."

"మరి నువ్వు తిన్నావా?"

"తిన్నాను నాన్నా, కడుపు నిండా తిన్నాను."

కథ వింటున్న పిల్లలూ, మీ అమ్మ ఈ మాట అన్నప్పుడు ఒకసారి లేచి వెళ్ళి గిన్నెలోకి తొంగి చూడండి.

"పైకి పోండి" అంది నూగమ్మ. "నీళ్ళు ఎటు మోస్తే అటు పోయి, తిరిగి, పెద్దవాళ్ళు కండి. ఎక్కడైనా నీళ్ళలో సన్నటి వెచ్చటి పోగు తగిలితే దాన్ని పట్టుకుని దిగండి. అక్కడ ఊరుంటుంది. మనవాళ్ళుంటారు."

పిల్లలు పైకి లేచారు. రాలే నలుసులకు ఎదురుగా, పైకి, పైకి. ఒక్కడు మాత్రం ఆమె డెక్కను పట్టుకుని వదల్లేదు. తట్టి, ఆగి, మళ్ళీ తట్టేవాడు.

"పైన ఏముంటుందమ్మా?" అన్నాడు అనుమానంగా.

"నాకు తెలియదురా. చూసి నువ్వే చెప్పాలి."

వాడు కాసేపు ఆలోచించి వదిలాడు. ఆమె పైకి చూస్తూనే ఉంది. ఏది నలుసో ఏది బిడ్డో తెలియనంత దూరం పోయేదాకా చూసింది.

ఆ పెంకులు పగిలిన చప్పుడు నీళ్ళలో చాలా దూరం పోయింది. గీత దాకా పోయింది. గీత దాటి పొయ్యవ్వ దగ్గరికీ పోయింది. ఎన్నో ఏళ్ళుగా ఆ ఊరు వినని చప్పుడు అది.

కొంతసేపటికి వెలుగు వైపునుంచి ఒక తెల్లటి ఆకారం తడబడుతూ వచ్చింది. చలి అడ్డం రాలేదు. వచ్చింది డెక్కమ్మ. చిక్కిపోయిన చెల్లెల్ని చూసి గుర్తుపట్టలేక రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. తరవాత తన గుడ్ల గుత్తిని ముందుకు చాపింది.

"చెల్లీ, నావాటికి కూడా కాస్త చలి తగిలితే లేస్తాయేమో చూడవే."

నూగమ్మ అక్క దగ్గరికి జరిగింది. ఒక్క డెక్కను మాత్రం అతి కష్టం మీద ఎత్తి, ఆ గుడ్లను తట్టింది. ఇద్దరూ విన్నారు.

"లేవు అక్కా" అంది నూగమ్మ. "అవి చచ్చిపోయాయి."

ఆ మాట ఆ ఊరివాళ్ళు అంతవరకు ఎన్నడూ పైకి అనలేదు. డెక్కమ్మ ఏడవలేదు. కడుపు మడత మెల్లగా తెరిచింది. అన్నేళ్ళు మోసిన గుడ్లు ఒక్కొక్కటే జారి, మెత్తటి నేలలో చప్పుడు లేకుండా దిగబడిపోయాయి.

"ఎంత బరువుండేవే" అంది డెక్కమ్మ. "ఇన్నాళ్ళూ నాకు తెలియనేలేదు."

అప్పుడు ఆమె వెనక ఇంకా కాళ్ళ చప్పుడు వినిపించింది. వెలుగు వైపునుంచి ఇంకొందరు వస్తున్నారు. కొత్తగా గుడ్లు పెట్టినవాళ్ళు. ఒకరి వెనక ఒకరు. ముందున్న ఆమె వణుకుతూ అడిగింది.

"నూగమ్మా, ఎక్కడ నిలబడాలి?"

"దూరం దూరంగా నిలబడండమ్మా" అంది నూగమ్మ. "ఒకరి ఊపిరి ఒకరికి తగలకూడదు. పిల్లలకు మంచి నీళ్ళు కావాలి."

వాళ్ళు విడిపోయి, చీకట్లోకి తలో దిక్కూ నడిచారు. డెక్కమ్మ చెల్లెలి పక్కన కూర్చుంది. నూగమ్మకు పొయ్యవ్వ దాకా నడిచే బలం ఇక లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చలి కూడా వచ్చి కూర్చుంది. చుట్టూ చీకట్లో అక్కడొకటి, ఇక్కడొకటి, టిక్ టిక్ అని మొదలైంది. నూగమ్మ వింటూ ఉంది, వినగలిగినంతసేపూ.

అప్పటినుంచే, సముద్రం అడుగున పొయ్యి చుట్టూ తెల్ల పీతలు ఎంత కిటకిటలాడినా, ఆ గుంపులో గుడ్లు మోసే తల్లి కనిపించదు. గుడ్లు పెట్టగానే ఆమె లేచి చలిలోకి నడుస్తుంది. నూగు రాలిపోతున్నా, ఒళ్ళు చిక్కిపోతున్నా, ఒంటరిగా నిలబడి కడుపు మడత తెరుస్తుంది, మూస్తుంది. దూరంగా వెచ్చటి వెలుగు ఆమెకు కనిపిస్తూనే ఉంటుంది. అటు తిరగదు.